సైక్లమెన్‌కి చలే ప్రాణం చెల్లీ

అక్టోబరు వచ్చిందంటే ఇంగ్లండ్‌లో ఉన్న మన ఆడపిల్లల దగ్గర్నుంచి నాకు ఒకే రకం కబురు. "అక్కా, సూపర్‌మార్కెట్‌లో చూడగానే ముచ్చటేసి తెచ్చుకున్నాను. రెండు వారాలు తిరక్కుండానే ఆకులు పసుపెక్కిపోతున్నాయి, పూలు వాలిపోతున్నాయి. రోజూ నీళ్ళు పోస్తున్నాను. చలికి తట్టుకోలేదేమోనని హీటరు పక్కనే పెట్టాను. ఇంకేం చెయ్యమంటావ్?" మొక్క పేరు చెప్పక ముందే నాకు అర్థమైపోతుంది. సైక్లమెన్.

ఇంకేం చెయ్యొద్దు తల్లీ. చేస్తున్న రెండూ మానెయ్. ముందు ఆ కుండీని హీటరు దగ్గర్నుంచి తీసెయ్, తర్వాత నీళ్ళ చెంబు పక్కన పెట్టెయ్. చలే దాని ప్రాణం. ఈ ఒక్క మాట బుర్రలో పెట్టుకున్నావంటే సగం పని అయిపోయినట్టే. టీ పెట్టుకుని వచ్చి కూర్చో, దాని సంగతంతా తీరిగ్గా చెప్తాను.

నిన్ను తప్పు పట్టట్లేదమ్మా. మనం పెరిగిన ఇళ్ళల్లో మొక్కంటే ఎండ తగలాలి, పొద్దున్నే మొదట్లో చెంబెడు నీళ్ళు పడాలి. మందారానికీ మల్లెకీ తులసికీ అదే మర్యాద. ఆ అలవాటుతోనే దీనికీ పోస్తాం. కానీ దీని పుట్టిల్లు వేరు. తూర్పు మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న కొండలవి. టర్కీ, సిరియా, లెబనాన్, ఇజ్రాయెల్, పాలస్తీనా, సైప్రస్. అక్కడ వానలు మన దగ్గరలాగా జూన్‌లో రావు. నవంబరు నుంచి మార్చి దాకా, చలికాలంలోనే పడతాయి. వేసవిలో నెలల తరబడి చుక్క రాలదు. అందుకే ఈ మొక్క చలిగాలి తిరగ్గానే లేచి ఆకు వేస్తుంది, రాళ్ళ సందుల్లో చలికాలమంతా పూస్తుంది, ఎండలు ముదిరేసరికి ఆకులన్నీ వదిలేసి దుంపలోకి ముడుచుకుని నిద్రపోతుంది. మన కంద లేదూ, తొలకరికి మొలిచి, వానలన్నాళ్ళూ గొడుగులా ఆకు పట్టుకుని, సంక్రాంతి నాటికి కాడ వాల్చేసి మళ్ళీ వానల దాకా మట్టిలో పడుకుంటుంది. ఇదీ అంతే. వాన ఏ కాలంలో పడితే ఆ కాలం మెలకువ, మిగతా కాలం నిద్ర. కాకపోతే కందకి వానాకాలం మెలకువ, దీనికి చలికాలం.

సైక్లమెన్‌లో ఇరవైకి పైగా జాతులున్నాయి. ఎక్కువ భాగం మధ్యధరా చుట్టుపక్కలవే. ఒకటి మాత్రం 1980లలో ఉత్తర సోమాలియా కొండల్లో బయటపడి మొక్కల శాస్త్రజ్ఞుల్నే ఆశ్చర్యపరిచింది. అన్నీ మనకక్కర్లేదు, మూడు పేర్లు గుర్తుంచుకో. కుండీలో ఇంట్లోకి వచ్చేది పెర్సికమ్. తోటలో నేలలో నాటేవి హెడెరిఫోలియమ్, కౌమ్. కొట్లో లేబుల్ మీద ఉత్త "సైక్లమెన్" అనే ఉంటే అది దాదాపు పెర్సికమే అనుకోవచ్చు. ఇంట్లో పెట్టాల్సిందాన్ని మంచులో నాటి, మంచులో బతికేదాన్ని తెచ్చి హాల్లో పెట్టి, రెండు రకాలుగానూ మొక్కలు పోగొట్టుకునేవాళ్ళని చాలామందిని చూశాను.

ముందు ఇంట్లో దాని సంగతి. పెర్సికమ్ 17వ శతాబ్దంలో యూరప్ తోటల్లోకి వచ్చింది. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్, జర్మనీ తోటమాలులు దాని మీద పట్టుబట్టి పూలు పెద్దవి చేశారు, రంగులు పెంచారు. ఇప్పుడు తెలుపు దగ్గర్నుంచి ముదురు ఎరుపు దాకా, అంచులు కుచ్చులు తిరిగినవి, రెండు రంగులు కలిసినవి, ఏవి కావాలంటే అవి దొరుకుతున్నాయి. ఫ్రాన్స్ దక్షిణాన ఫ్రెజూస్ అనే ఊళ్ళో మొరెల్ అనే కంపెనీ తరాలుగా సైక్లమెన్ కొత్త రకాలు తయారు చెయ్యడమే పనిగా పెట్టుకుంది. ఈ హంగామాలో పోయింది వాసన. కొండల మీది అసలు పువ్వుకి కమ్మని పరిమళం ఉంటుంది. పెద్ద పూల రకాల్లో చాలావాటికి అది లేదు. మినీ అని అమ్మే చిన్న రకాల్లో ఇంకా కొన్నిటికి ఉంది. అందుకే నేనెప్పుడూ చిన్నవే కొనమంటాను. ముక్కు దగ్గర పెట్టుకుని చూసి మరీ తీసుకో.

పగలు 13 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంటే దానికి హాయి. రాత్రి 10 దాకా పడినా మంచిదే. 20 దాటిందంటే పూల కాడలు సాగిపోయి వాలతాయి, ఆకులు పసుపెక్కుతాయి. వేసవి వచ్చేసిందనుకుని నిద్రకి సిద్ధమవుతుందన్నమాట. మన ఇళ్ళల్లో హీటింగ్ ఎంత ఉంటుందో నీకు తెలుసు. పిల్లలున్నారని 21, 22 పెట్టేస్తాం. పైగా ఇక్కడి ఇళ్ళల్లో రేడియేటర్ సరిగ్గా కిటికీ కిందే ఉంటుంది. కిటికీ గట్టు మీద పెడితే వెలుతురు బావుంటుంది కదా అనుకుంటాం, కింద నుంచి వేడిగాలి తిన్నగా దుంపకే కొడుతుంది. అందుకని ముందు గుమ్మం లోపలి హాలు, గాజు పోర్చ్, హీటింగ్ ఆపేసిన గెస్ట్ బెడ్‌రూమ్, ఇలాంటి చోట్లు వెతుకు. తూర్పు కిటికీ అయితే సరే, ఉత్తరం కిటికీ అయినా ఫర్వాలేదు. వెలుతురు బాగా కావాలి, మిట్టమధ్యాహ్నపు ఎండ మాత్రం తిన్నగా పడొద్దు. చుట్టాలొచ్చినప్పుడు హాల్లో టేబుల్ మీద పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకో. వాళ్ళు వెళ్ళాక రాత్రికి మళ్ళీ చల్లటి చోటుకి చేర్చు.

నీళ్ళ సంగతి నిదానంగా చెప్తాను, ఎందుకంటే ఎక్కువ మొక్కల ప్రాణం పోయేది ఇక్కడే. దుంప సగం మట్టి పైకి కనిపిస్తుంటుంది చూడు. కాడలన్నీ దాని నడినెత్తి మీదే గుత్తుగా పుడతాయి. ఆ నెత్తి మీద నీళ్ళు పడి నిలిచాయంటే కాడల మొదళ్ళు మెత్తబడతాయి, వాటి మీద బూడిదరంగు బూజు పడుతుంది, అక్కణ్ణుంచి దుంపలోకి దిగుతుంది. కాబట్టి పైనుంచి పొయ్యనే పొయ్యొద్దు. లోతు పళ్ళెంలో రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళు పోసి కుండీని అందులో కూర్చోబెట్టు. అడుగు చిల్లుల్లోంచి మట్టే పీల్చుకుంటుంది. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. మట్టి పైభాగం తడి రంగు తిరిగిందంటే చాలు. కుండీ తీసి సింకులో కాసేపు వదిలెయ్, మిగిలిన నీళ్ళు కారిపోవాలి. తర్వాత పొడి పళ్ళెంలో పెట్టు. పళ్ళెంలో నీళ్ళు నిలవుంచి "కావాల్సినప్పుడు తాగుతుందిలే" అని వదిలెయ్యకు.

మళ్ళీ ఎప్పుడు? దానికి వారం లెక్కలు పెట్టుకోకు. కుండీని చేత్తో ఎత్తి చూడు. తడి మట్టికి బరువుంటుంది, ఎండిన మట్టి తేలిపోతుంది. నాలుగు సార్లు ఎత్తి చూస్తే నీ చేతికే తెలిసిపోతుంది. చల్లటి గదిలో ఉన్న మొక్క నీళ్ళు నెమ్మదిగా తాగుతుంది, వెచ్చటి గదిలోది గబగబా తాగుతుంది. అందుకే ఎవరో చెప్పిన "వారానికి రెండుసార్లు" నీ ఇంట్లో పనికిరాదు.

మొక్క వాలిపోయినప్పుడు మనవాళ్ళంతా చేసే పని చెంబు అందుకోవడం. ఆగు. ముందు కుండీ ఎత్తు. తేలిగ్గా ఉంటే దాహం. పళ్ళెంలో నీళ్ళలో పెట్టు, అరగంట తర్వాత తీసెయ్. మధ్యాహ్నం పెట్టావంటే సాయంత్రం లోపు ఒక్కో కాడే తల ఎత్తడం కనిపిస్తుంది. చూసి తీరాల్సిన ముచ్చట అది. బరువుగా ఉండి కూడా వాలిందంటే లెక్క వేరు. దుంపని వేలితో నొక్కి చూడు. గట్టిగా ఉంటే ఇంకా ఆశ ఉంది. నీళ్ళు మానేసి గాలి ఆడే చల్లటి చోట పెట్టు. మెత్తగా వేలు దిగబడితే ఇక లాభం లేదు, మట్టితో సహా పారేసి కుండీ కడిగెయ్.

వాడిన పూలు తియ్యడానికి ఒక పద్ధతుంది. కత్తెర పట్టకు. సగం కాడ మిగిలితే ఆ మోడు కుళ్ళి పక్కవాటికి అంటిస్తుంది. పూల కాడ వెంటే రెండు వేళ్ళూ కిందికి జార్చుకుంటూ దుంప దాకా వెళ్ళు. అక్కడ గట్టిగా పట్టుకుని ఒక్క మెలి తిప్పి చటుక్కున లాగు. చిన్న "టక్" మని మొదలంటా ఊడొస్తుంది, దుంప మీద శుభ్రంగా చిన్న మచ్చ మిగులుతుంది. పసుపెక్కిన ఆకులకీ ఇదే పద్ధతి. ఇలా వాడినవి ఎప్పటికప్పుడు తీసేస్తుంటే గింజ కట్టే పని లేక మొక్క కొత్త మొగ్గలు ఇస్తూ పోతుంది. ఆకుల్ని పక్కకి జరిపి చూస్తే అడుగున ఎన్ని మొగ్గలు వరస కట్టి ఉంటాయో చూడు, రెక్కలు మెలిపెట్టుకుని, తలలు కిందికి వంచుకుని. వాటికి వెలుతురూ గాలీ అందడానికే ఈ శుభ్రం.

పూసే రోజుల్లో రెండు వారాలకోసారి టొమాటో మొక్కలకి పోసే ద్రవ ఎరువు సగం పాళ్ళకి పలచన చేసి ఆ పళ్ళెం నీళ్ళలోనే కలిపి ఇవ్వు. అందులో పొటాష్ ఎక్కువ, పూలకి మంచిది. నత్రజని ఎక్కువున్న ఎరువు వేస్తే ఆకులు విరగబడి పూలు తగ్గుతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం చెల్లీ. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి పూలు తగ్గుతాయి, ఆకులు ఒక్కొక్కటే పసుపెక్కుతాయి. సరిగ్గా ఇక్కడే లక్షల మొక్కలు చెత్తబుట్టలో పడుతున్నాయి. చచ్చిపోయిందనుకుంటారు. చావలేదమ్మా, నిద్రకెళ్తోంది. దుంప గట్టిగా ఉన్నంత కాలం ఆ మొక్క బతికే ఉంది. నాకు అన్నిటికన్నా బాధేసేది ఈ సంగతి తెలియకుండా పారేసేవాళ్ళని చూస్తేనే. ఏడాదికేడాది పెద్దదవుతూ, దశాబ్దాల పాటు ఉండగల దుంపని, ఒక్క పండగ అలంకారం చేసి పారేస్తున్నాం. కొట్లవాళ్ళకి అదే లాభం, నీకూ నాకూ కాదు.

ఆకులు పసుపెక్కడం మొదలవగానే నీళ్ళు తగ్గించుకుంటూ రా. అవి పూర్తిగా ఎండాక మెల్లగా లాగేసి, ఇక నీళ్ళు మానెయ్. కుండీని పక్కకి పడుకోబెట్టి, వాన తగలని నీడలో, గోడ వారనో షెడ్డులోనో పెట్టు. మే నుంచి ఆగస్టు దాకా దాని జోలికి పోకు. మరీ ఎముకలా ఎండిపోయి దుంప ముడతలు పడుతోందనిపిస్తే నెలకోసారి మట్టి అంచుల్ని కాస్త తడి చెయ్, అంతే. మన చేతులకి ఇదే కష్టం, మొక్క కనిపిస్తే ఊరుకోలేం. కనిపించని చోట పెట్టెయ్యమని అందుకే అంటున్నాను.

ఆగస్టు చివర్లోనో సెప్టెంబర్లోనో ఒకరోజు దుంప నడినెత్తిన చిన్న చిన్న ఆకు మొలకలు కనిపిస్తాయి. అప్పుడు కొత్త మట్టిలోకి మార్చు. మామూలు కంపోస్టులో నాలుగో వంతు గ్రిట్ అనే ముతక ఇసుక కానీ పెర్లైట్ కానీ కలుపు, నీళ్ళు నిలవకూడదు. కుండీ మరీ పెద్దది వద్దు, దుంప చుట్టూ రెండు వేళ్ళ జాగా ఉంటే చాలు. దుంప సగం పైకి ఉండేలా నాటు. మొదట కొద్ది కొద్దిగా నీళ్ళు, ఆకులు విచ్చేకొద్దీ మామూలుగా. రెండో ఏడు పూలు కొట్లో కొన్నప్పటంత ఒత్తుగా, ఒక్కసారిగా రాకపోవచ్చు. గ్రీన్‌హౌస్‌లో డిగ్రీ డిగ్రీ లెక్క చూసి పెంచినదానికీ ఇంట్లోదానికీ ఆ మాత్రం తేడా ఉంటుంది. కానీ అవి నీ ఇంట్లో పూసిన పూలు.

ఇంకో మాట. కొన్ని మొక్కలు చల్లటి చోట ఉంటే వేసవిలో కూడా పచ్చగానే ఉంటాయి. అలాంటిదాన్ని బలవంతంగా ఎండబెట్టకు. ఆకున్నంత కాలం నీళ్ళు, ఆకు పోయాక విశ్రాంతి.

ఇక తోట సంగతి. ఇల్లు కొనుక్కున్నాక వెనకాల ఓ పెద్ద చెట్టుందనీ, దాని కింద ఏమీ మొలవట్లేదనీ చాలామంది వాపోతారు. ఆ చోటు హెడెరిఫోలియమ్ కోసమే ఉందనుకో. ఇది గట్టి పిండం. ఇంగ్లండ్ మంచుకి దీనికి ఏమీ కాదు. వేసవంతా చెట్టు వేళ్ళు నేలలోని తడి పీల్చేస్తుంటే మిగతా మొక్కలు ఎండిపోతాయి. దీనికా పొడే కావాలి, ఆ రోజుల్లో అది నిద్రలో ఉంటుంది. చెట్టు ఆకు రాల్చేవేళకి ఇది లేస్తుంది. మనవాళ్ళు వినాయక చవితికి పత్రి వెతుక్కునే రోజుల్లో ఆకనేది లేకుండా ఉత్త నేలలోంచి గులాబీరంగు పూలు మొలుచుకొస్తాయి. పూలు సగం అయ్యాక ఆకులు మొదలవుతాయి. నన్నడిగితే పూలకన్నా ఆకులకే దీన్ని నాటుకోవచ్చు. ఒక ఆకు మీదున్న వెండి గీతలు ఇంకో ఆకు మీద ఉండవు. మిగతా తోటంతా బోసిపోయిన డిసెంబరు, జనవరిల్లో ఆ చెట్టు కింద మాత్రం నేల కనపడకుండా పరుచుకుని ఉంటాయి.

కౌమ్ అంతకన్నా చిన్నది, గుండ్రటి ఆకులు, పొట్టి పూలు. బల్గేరియా, టర్కీ, కాకసస్ కొండల వైపుది. మన ఊళ్ళలో సంక్రాంతి ముగ్గులు పెట్టే రోజుల్లో ఇది ఇక్కడ పూత మొదలెట్టి మార్చి దాకా నిలుస్తుంది. పైన మంచు పడినా, కరగ్గానే మళ్ళీ నిలబడుతుంది. తెల్లటి స్నోడ్రాప్ పూల పక్కన నాటితే చూడముచ్చటగా ఉంటుంది. ఈ రెండు జాతులకీ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తన అవార్డ్ ఆఫ్ గార్డెన్ మెరిట్ ఇచ్చింది. అంటే మామూలు తోటలో మామూలు మనుషులు పెంచినా బాగా వస్తాయని నమ్మకం అన్నమాట. రెండూ నాటుకుంటే మధ్యలో కాస్త విరామంతో ఆగస్టు చివరి నుంచి మార్చి దాకా పూలుంటాయి. కాకపోతే పక్కపక్కనే నాటకు. హెడెరిఫోలియమ్ పెద్దాకులు కౌమ్‌ని కప్పేస్తాయి.

నాటేటప్పుడు ఒక తేడా గమనించు. ఇంట్లో పెర్సికమ్ దుంప సగం పైకి ఉండాలన్నాను కదా, తోటలో వీటిని మట్టిలో పూర్తిగా కప్పాలి, పైన మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల మట్టి. హెడెరిఫోలియమ్‌కి వేళ్ళు దుంప పైభాగం నుంచీ పక్కల నుంచీ వస్తాయి, అడుగు నున్నగా ఉంటుంది. కౌమ్‌కి అడుగు నుంచి వస్తాయి. ఇది తెలియక ప్యాకెట్లలో ఎండు దుంపలు కొన్నవాళ్ళు హెడెరిఫోలియమ్‌ని తలకిందులుగా నాటేస్తుంటారు. ఎండు దుంపల్లో చాలావి అసలు లేవను కూడా లేవవు. రెండు పౌండ్లు ఎక్కువైనా సరే, కుండీలో ఆకుతో, వేళ్ళతో ఉన్న మొక్కే కొను. వెస్ట్ మిడ్‌లాండ్స్‌లో ఆష్‌వుడ్ నర్సరీస్ వాళ్ళు సైక్లమెన్‌కి బాగా పేరున్నవాళ్ళు. ఆకుల మీద నగిషీలు చూసి ఏరుకోవాలంటే అలాంటి చోటికి వెళ్ళాలి. నాటాక శరదృతువులో కుళ్ళిన ఆకుల ఎరువు పైన పలచగా పరిచెయ్, అదే దానికి పండగ. వేసవిలో అక్కడేమీ కనిపించదు కాబట్టి చిన్న పలకేదైనా గుచ్చి ఉంచు. లేకపోతే ఖాళీగా ఉందని ఎవరో ఒకరు పార దింపుతారు.

పూలయిపోయాక తోట జాతుల్లో ఒక వింత జరుగుతుంది, దగ్గరగా వంగి చూడాల్సిందే. రెక్కలు రాలిన పూల కాడ చివరి నుంచి చుట్టలు చుట్టుకోవడం మొదలెడుతుంది. రోజు రోజుకీ ఒక్కో చుట్ట బిగుస్తూ, కాయని మెల్లగా కిందికి లాగి నేలకి ఆనిస్తుంది. చలికాలమంతా ఆకుల కింద ఆ చుట్ట మధ్యలో కాయ భద్రంగా ఉండి, తర్వాతి వేసవికి పండి పగులుతుంది. లోపల గోధుమరంగు గింజలు, వాటి మీద జిగురుగా తియ్యటి పూత. చీమలు ఊరుకుంటాయా? గింజల్ని మోసుకుపోయి ఆ తీపిని తినేసి గింజని వదిలేస్తాయి. ఆ పైన నువ్వు నాటని చోట, రాళ్ళ బాట సందుల్లో, గోడ మొదట్లో చిన్న చిన్న ఆకులు మొలుస్తాయి. కుండీలోని పెర్సికమ్ కాడకి మాత్రం ఈ చుట్టలుండవు, ఊరికే వంగుతుంది.

చీమల కన్నా ముందే నాలుగు గింజలు తీసుకోవాలనుంటే కాయ మెత్తబడి పగలబోయే సమయంలో పట్టుకో. తాజా గింజ వెంటనే నాటితే మంచిది. ఎండినదైతే ఒక రాత్రి గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టు. మట్టి మీద సర్ది, పైన సెంటీమీటరు మందాన గ్రిట్ కప్పి, చీకట్లో, 15 డిగ్రీల దగ్గర చల్లగా ఉంచు. వెలుతురు తగిలితే మొలవదు. ఒకటి రెండు నెలలకి ఒక్కొక్క ఆకు పైకి వస్తుంది, అడుగున అప్పటికే చిన్న దుంప తయారవుతుంటుంది. మొదటి పువ్వు చూడ్డానికి రెండు మూడేళ్ళు పడుతుంది. దుంపని కోసి పిలకలు చేద్దామనుకోకు. దీనికి పిల్ల దుంపలు పుట్టవు, గింజ ఒక్కటే దారి.

పురుగుల్లో భయపడాల్సింది వైన్ వీవిల్. కుండీలోని మొక్క ఏ కారణం లేకుండా వాలిపోయి, లాగితే ఊడి చేతిలోకి వచ్చేస్తే మట్టి గుమ్మరించి చూడు. గోధుమరంగు తలతో తెల్లటి పురుగులు వంకర తిరిగి కనిపిస్తే అవే. దుంపనీ వేళ్ళనీ తినేస్తాయి. వేసవి చివర్లో కుండీల్లో నెమటోడ్లనే కంటికి కనపడని నులిపురుగులు కలిపిన నీళ్ళు పోస్తే అవి వీటిని చంపుతాయి. మందు వాసన లేని పద్ధతి, పిల్లలున్న ఇళ్ళకి అదే మంచిది.

పిల్లలంటే గుర్తొచ్చింది. ఈ మొక్క విషం, ముఖ్యంగా దుంప. అందులో సాపోనిన్లనే విష పదార్థాలుంటాయి. పిల్లులూ కుక్కలూ కొరికితే వాంతులు, విరేచనాలు. దుంప ఎక్కువ తింటే ప్రాణం మీదికే రావచ్చు. పాకే పిల్లలున్నప్పుడు కుండీ ఎత్తుగా పెట్టు. గుమ్మం ముందు, దేవుడి గదిలో పెట్టుకో, దీపావళికి ముగ్గు పక్కన ఎంత బావుంటాయో. కానీ ప్రసాదం పళ్ళెంలో, కేకుల మీద, సలాడ్ మీద అలంకారంగా ఒక్క రెక్క కూడా వెయ్యకు.

గుమ్మం బయట పెర్సికమ్ పెట్టొచ్చా అని అడుగుతారు. మినీ రకాలు శరదృతువంతా బయట హాయిగా ఉంటాయి, ఇంట్లో కన్నా బాగా కూడా ఉంటాయి. వాన తగలకుండా పైన కాస్త నీడుంటే చాలు. గట్టి మంచు పడుతుందని చెప్పిన రాత్రి మాత్రం లోపలికి తెచ్చెయ్.

హైదరాబాద్‌లో ఉన్న మా పెద్ద చెల్లి, "మరి మాకో?" అంటుంది. డిసెంబరు, జనవరిలో అక్కడ రాత్రిళ్ళు 15 డిగ్రీల దగ్గరికి వస్తాయి కానీ పగలు 28 దాకా పోతుంది. నర్సరీలో చలికాలపు పూల మొక్కలతో పాటు కనిపిస్తే తెచ్చుకో. పగలు ఎండ పడని చల్లటి గదిలో, రాత్రి బాల్కనీలో పెట్టుకుంటే కొన్ని వారాలు ముచ్చట తీరుతుంది. 40 దాటే ఎండల్లో ఆ దుంపని దాటించడం మాత్రం చాలా కష్టం, అది నీ చేతి లోపం అనుకోకు. ఊటీ, కొడైకెనాల్ లాంటి చల్లటి కొండల మీద అయితే ధైర్యంగా పెంచొచ్చు. నేను వచ్చేటప్పుడు సూట్‌కేసులో దుంపలు తెమ్మని మాత్రం అడగొద్దు. పర్మిట్ లేకుండా మొక్కలు, దుంపలు దేశంలోకి తేవడం చట్ట ప్రకారం కుదరదు. పైగా సైక్లమెన్ జాతులన్నీ సైటెస్ ఒప్పందం కింద, అంటే ప్రమాదంలో ఉన్న మొక్కలూ జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం కింద ఉన్నాయి. ఒకప్పుడు టర్కీ కొండల్లోంచి దుంపల్ని బస్తాల కొద్దీ తవ్వి అమ్మేవాళ్ళు. దశాబ్దాలు పెరిగిన దుంప ఒక్క పార దెబ్బకి పైకొచ్చేది. టర్కీకి సెలవులకి వెళ్ళి కొండ మీద పూలు చూసి ముచ్చటపడితే ఫోటో తీసుకో, తవ్వకు. కొనేటప్పుడు కూడా "మీరే గింజ నుంచి పెంచారా?" అని అడుగు. నిజాయితీగా పెంచినవాళ్ళు సంతోషంగా చెప్తారు.

ఈసారి కొనడానికి వెళ్ళినప్పుడు, కొట్లో తలుపు దగ్గర హీటరు గాలి కొట్టే చోటున్నవీ, మెరుపుల పొడి చల్లినవీ వదిలెయ్. ఆకులు రెండు చేతులా పక్కకి తీసి నడినెత్తి చూడు, బూజు ఉండకూడదు, కాడలు మెత్తబడి ఉండకూడదు. విచ్చిన పూలు నాలుగే ఉన్నా ఫర్వాలేదు, అడుగున మొగ్గలు కిక్కిరిసి ఉన్న కుండీ తీసుకో. ఇంటికొచ్చేటప్పుడు కారులో హీటర్ వెయ్యకు.